నలుని బిడ్డలు

నలదమయంతుల కథ ఎరుగని తెలుగువారు అరుదు. అయితే హంస రాయబారం, స్వయంవరం గుర్తున్నంతగా వారి బిడ్డలు మనకు గుర్తుండరు. శ్రీనాథుని శృంగారనైషధం వివాహానంతర వైభవంతోనే ముగుస్తుంది కనుక, ఆ పిల్లల సంగతి తెలియాలంటే భారతంలోని అరణ్యపర్వానికి వెళ్లాలి. ఈ మాసం వారిని గురించి విన్నవించుకుంటాను.

నలునికి ఇంద్రసేనుడనే కుమారుడు, ఇంద్రసేన అనే కుమార్తె. కలి ఆవేశించిన నలుడు పుష్కరునితో జూదానికి కూర్చున్నాడు. నెలలు గడిచాయి. పౌరులూ మంత్రులూ వాకిట నిలిచినా, భార్య కన్నీరు పెట్టినా ఆయన పలుకలేదు. భర్త తన స్వాధీనంలో లేడని గ్రహించిన దమయంతి, సారథియైన వార్ష్ణేయుని పిలిపించి, బిడ్డలను రథమెక్కించి విదర్భలోని కుండినపురానికి, తన తండ్రియైన భీమరాజు ఇంటికి పంపింది. తాను మాత్రం భర్తను విడువక అడవికి నడిచింది.

ఇందులో రెండు ధర్మాలున్నాయి. స్వాధీనం తప్పినవానిని విడువరాదు. ఆ ఇంటి పసివారిని కాపాడకుండా ఉండరాదు. ఇవి ఒకదానికొకటి విరుద్ధాలు కావు. మనం తరచు మొదటిదానితో సతమతమై రెండవదానిని మరచిపోతాం.

ఇది నేను గ్రంథాలలో చదివి మాత్రమే చెప్పటం లేదు. నా ఎనిమిదవ ఏట, తమ్ముడు పుట్టిన పక్షం రోజులకు, మా అమ్మ మనస్సు చెదిరింది. రాత్రులు నిద్ర లేదు. తనలో తాను మాట్లాడుకునేది. మమ్మల్ని గుర్తించేది కాదు. పెద్దలు భూతవైద్యుని పిలిపించారు, గదికి గడియ పెట్టారు. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. పెద్దలు చెప్పకపోతే పిల్లవాడు తానే ఒక కారణం కల్పించుకుంటాడు. ఆ ముందురోజే బామ్మ ఆరవేసిన మడిబట్టను ముట్టుకుని తిట్లు తిన్నాను. ఆ పాపమే అమ్మకు తగిలిందని నిశ్చయించుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ రోజులలో పక్కింటి పిన్నిగారు వేళకు పిలిచి అన్నం పెట్టి, తల దువ్వి బడికి పంపేవారు. ఒక్క ప్రశ్నైనా అడిగేవారు కారు. ఆ ఇల్లే నాకు కుండినపురం.

కొన్ని నెలలకు అమ్మ కోలుకుంది. నా నిశ్చయం మాత్రం పోలేదు. శాస్త్రాలు చదివాను, పదిమంది సందేహాలు తీర్చాను, నా సందేహం మాత్రం తీర్చుకోలేకపోయాను. అరవై దాటిన తరువాత ఒక వైద్యుడు, ప్రసవానంతరం కొందరు తల్లులకు ఇటువంటి తీవ్రమైన వ్యాధి వస్తుందనీ, అది చికిత్సకు లొంగుతుందనీ చెప్పాడు. ఆనాడు ఇంటికి వచ్చి అమ్మ పటం ముందు చాలాసేపు కూర్చున్నాను.

మన పూర్వులు దీనిని వ్యాధిగానే ఎంచారు. చరకసంహితలో ఉన్మాదానికి నిదానస్థానంలో ఒక అధ్యాయం, చికిత్సాస్థానంలో మరొక అధ్యాయం ఉన్నాయి. ఉన్మాదం ఐదు విధాలని విభజించి, లక్షణాలూ చికిత్సలూ వివరించాడు ఆచార్యుడు. కనుక రోగిని దర్శనానికి తీసుకురండి, ప్రదక్షిణ చేయించండి. వైద్యుడిచ్చిన మందు మాత్రం మాన్పించకండి.

ఇక ఆ ఇంటి బిడ్డకు తప్పక చెప్పవలసిన మాటలు మూడు. మీ అమ్మకు, లేదా నాన్నకు, వచ్చింది జబ్బు. అది నీ వల్ల రాలేదు. నిన్ను చూసుకోవడానికి ఫలానావారు ఉన్నారు. ఆ 'ఫలానావారు' ఎవరో పేరు పెట్టి చెప్పాలి. జబ్బు ముదిరిన రోజున ఎవరి ఇంటికి వెళ్లాలో, ఎవరికి ఫోను చేయాలో ముందే నేర్పాలి. భోజనం, బడి, నిద్ర వేళ తప్పకుండా సాగాలి. ఒక ఉపాధ్యాయునికైనా విషయం తెలిసి ఉండాలి. తల్లికి మందు మింగించే భారం, తండ్రిని కాపలా కాసే భారం పసివాడి మీద పెట్టరాదు. వాడికి ఆటకు సమయం ఉండాలి.

బిడ్డకు అపాయం ఉంటే దమయంతివలె వెంటనే రథం కట్టాలి. అపాయం లేనప్పుడు తొందరపడి విడదీయరాదు. చికిత్సాలయంలో చేరిన తల్లినుండి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతున్నది. మానసిక బాధలకు సలహా కావలసినవారికి ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఉంది, దాని సంఖ్య 14416. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098కి ఫోను చేయవచ్చు.

దాతలకు ఒక మనవి. మీ వీధిలోనే ఇటువంటి ఇల్లు ఉండవచ్చు. ఆ బిడ్డను 'పిచ్చివాని కొడుకు' అని ఎవరైనా అంటే వారించండి. పండుగనాడు మీ పిల్లలతో పాటు పంక్తిలో కూర్చోబెట్టండి. బడి జీతం కట్టవలసి వస్తే నలుగురికీ తెలియకుండా కట్టండి. ఇదీ స్వామికి చేసే కైంకర్యమే.

కథ చివర కేశిని ఆ బిడ్డలిద్దరినీ బాహుకరూపంలో ఉన్న నలుని వద్దకు తీసుకువస్తుంది. ఆయన వారిని గుర్తించి, ఒడిలోకి తీసుకుని బిగ్గరగా ఏడుస్తాడు. కలి విడిచిన తరువాత ఆ తండ్రి చేతులకు బిడ్డలు క్షేమంగా అందారు. అందుకు కారణం ఆనాడు ఒక తల్లి సమయానికి ఆలోచించటం, ఒక సారథి తోడు వెళ్లటం, ఒక తాత తలుపు తెరవటం. ఆ ముగ్గురిలో ఒకరమయ్యే అవకాశం మనకు వస్తే, దానిని స్వామి ఆజ్ఞగా స్వీకరిద్దాం.

సర్వే జనాః సుఖినో భవంతు.