ఢిల్లీ తెలుగు బాలికల పేళ్ళయందు అంత్యస్వరము

తెలుగువారు ఆడుబిడ్డలకు మక్కువతో నుంచు పేళ్ళలో సంస్కృతభవములు పెక్కు. లత, రమ, కమల, విమల, నిర్మల అనునవి సంస్కృతమున ఆకారాంతములు. తెలుగునకు వచ్చి యవి హ్రస్వాంతము లగుట చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) తత్సమపరిచ్ఛేదమున కనబడు సామాన్యవిధియే. గౌరీశబ్దము గౌరి యగుటయు నిట్టిదే. సమాసమున మాత్రము పూర్వపదము దీర్ఘమును నిలుపుకొనును. 2018లో ప్రారంభమైన ఢిల్లీ మెట్రో దక్షిణ ప్రాంగణపు స్టేషను, రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశముఖ్ పేర నున్నది. 'దుర్గ' యని విడిగా పలుకు తెలుగువారును 'దుర్గాబాయి' యందు దీర్ఘమును విడువరు.

తెలుగునాట హ్రస్వాంతము వలన చిక్కు లేదు. పదాంతమందలి అకారము స్పష్టముగా పలుకబడును. హిందీలో నది ప్రాయికముగా వ్రాతకే పరిమితము. కావున ఢిల్లీ పాఠశాలలో తెలుగు వర్ణక్రమమును యథాతథముగా నాగరిలోనికి దింపినచో లత 'లత్' అగును. హిందీలో ఆ మాటకు దుర్వ్యసన మని యర్థము. రమ 'రమ్' అగును, అది మద్యవిశేషము. తీగ వ్యసన మగుట, లక్ష్మి మద్య మగుట నవ్వులాటగా తోచవచ్చును. కమల, విమల, నిర్మల అనునవి కమల్, విమల్, నిర్మల్ అగుట యట్టిది కాదు. పంజాబీలలో కమల్, నిర్మల్ అను పేళ్ళు స్త్రీలకును కలవు గాని, తక్కినచోట్ల నవి తఱచు పురుషనామములు. పట్టికలో బాలిక బాలు డగును. అందుచే నాగరిలో మూలదీర్ఘమును మరల నిలుపుటే యుక్తము. అది హిందీకి లొంగుట గాదు, సంస్కృతరూపమునకు మరలుట.

రోమను లిపి మఱియొక తగవు తెచ్చినది. దక్షిణాదివారు 'టీ' అక్షరమును టకారమునకు కేటాయించి, తకారమునకు దాని ప్రక్కన 'హెచ్' చేర్చుదురు. ఉత్తరాదివారు ఆ జంటను థకారముగా చదువుదురు. కవిత 'కవిథా', సుజాత 'సుజాథా' యగుట యిందువలననే.

అసలు కష్టము దేశ్యనామములది. వెన్నెల యనగా తెల్లని నెల, అనగా చంద్రకాంతి. తమిళ 'వెణ్ణిలా' దీని సోదరరూపము. ఇందు మరల నిలుపుటకు సంస్కృతదీర్ఘమే లేదు. పైగా సామాన్యనాగరిలో హ్రస్వ ఎకారమునకు గుర్తు లేదు. చివర దీర్ఘము చేర్చకున్న 'వేన్నేల్', చేర్చిన 'వేన్నేలా'. రెండవది వ్యాకరణమునకు దూరమైనను చెవికి దగ్గఱ. రామాయణకర్త్రి పేరైన మొల్ల, మల్లెజాతి పూవు. దానికి దీర్ఘము చేర్చినచో ఉత్తరాది చెవికి 'ముల్లా' స్ఫురించును.