బేస్‌మెంట్‌లో నూనె ట్యాంకు ఉన్న చెల్లెళ్ళకి

చెల్లెళ్ళూ, ఈసారి చలికాలం ముచ్చట్లు చెప్పుకుందాం. కనెక్టికట్‌లోనో, మసాచుసెట్స్‌లోనో, న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాననో పాత ఇల్లు కొనుక్కున్న మన అమ్మాయిలు చాలామందే ఉన్నారు. మంచి బడి, పెద్ద పెరడు, ఆఫీసు దూరం అన్నీ చూసుకునే కొంటారు. తీరా తాళాలు చేతికొచ్చాక బేస్‌మెంట్‌లోకి దిగితే ఓ మూల పెద్ద ఇనప ట్యాంకు, దాన్నుంచి సన్నటి రాగి గొట్టం, ఆ చివర బాయిలరు. గుంటూరులోనో వరంగల్‌లోనో పెరిగిన పిల్లకి ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి నూనె కాల్చడమే కొత్త. ఆపైన ‘మీకు వచ్చే నూనెలో ఇకమీదట బయోడీజిల్ ఎక్కువ కలుస్తుంది’ అని ఆయిల్ కంపెనీ చీటీ పంపితే గుండె గుభేలుమంటుంది. బాయిలరు పాడవుతుందా, పిల్లలకి పడుతుందా, ఖర్చు పెరుగుతుందా? ఒక్కొక్కటీ చూద్దాం.

ఈశాన్య అమెరికాలో పల్లెలన్నిటికీ గ్యాస్ గొట్టాలు చేరలేదు. అందుకే ఆ దేశంలో హీటింగ్ ఆయిల్ మీద బతికే సుమారు 50 లక్షల ఇళ్ళలో ఐదింట నాలుగు అక్కడే ఉన్నాయి. మామూలు ట్యాంకు 275 గ్యాలన్లది, అంటే వెయ్యి లీటర్ల పైమాటే. ఆ నూనె దాదాపుగా డీజిలే. రోడ్డు పన్ను కట్టనిది గనక, ఎవరూ బండ్లలో పోసుకోకుండా గుర్తు కోసం ఎర్ర రంగు కలుపుతారు.

బయోడీజిల్ సోయా నూనె నుంచీ, హోటళ్ళలో వాడేసిన వేపుడు నూనె నుంచీ, పశువుల కొవ్వు నుంచీ వస్తుంది. వాటిని మిథనాల్‌తో కలిపి చర్య జరిపిస్తే చిక్కటి గ్లిజరిన్ విడిపోయి, పల్చటి పసుపుపచ్చ ఇంధనం మిగులుతుంది. బి5 అంటే నూటికి ఐదు పాళ్ళు అది, మిగతాది మామూలు నూనె. బి20 అంటే ఇరవై పాళ్ళు. అక్కడి వ్యాపారులు ఈ మిశ్రమాన్ని బయోహీట్ అంటారు. హీటింగ్ ఆయిల్‌కి అమెరికాలో ఉన్న ప్రమాణం ఏఎస్‌టీఎం డి396. ఇరవై పాళ్ళ దాకా బయోడీజిల్ కలిసిన నూనె కూడా ఆ ప్రమాణంలోకే వస్తుంది. కాబట్టి ఇదేదో మీ ఇంటిమీద చేస్తున్న ప్రయోగం అనుకోకండి.

పైగా ఇది మీకు తెలియకుండానే మీ ట్యాంకులోకి వచ్చి ఉండొచ్చు. న్యూయార్క్ నగరం 2012లోనే నూటికి రెండు పాళ్ళు కలిపి తీరాలని చట్టం అమలుచేసింది. న్యూయార్క్ రాష్ట్రమంతటికీ 2022 జూలై నుంచి ఐదు పాళ్ళు, 2025 జూలై నుంచి పది, 2030 జూలై నుంచి ఇరవై అని చట్టంలో రాసిపెట్టారు. కనెక్టికట్, రోడ్ ఐలండ్ కూడా ఇదే దారిలో ఉన్నాయి. 2019లో ప్రావిడెన్స్ పట్టణంలో సమావేశమైన ఆయిల్ వ్యాపారులు 2050 నాటికి తమ ఇంధనం వల్ల కలిగే ఉద్గారాలను నికరంగా సున్నాకి తెస్తామని తీర్మానం చేసుకున్నారు. ఇళ్ళన్నీ కరెంటుతో నడిచే హీట్ పంపులకి మారిపోతే తమ వ్యాపారం ఏమవుతుందన్న భయం కూడా దాని వెనక ఉందని నేననుకుంటాను. భయంతో చేసినా మంచి పని మంచి పనే.

ఇక అసలు సంగతి, మీ ట్యాంకు. బయోడీజిల్‌కి మురికిని కరిగించే గుణం ఉంది. ముప్ఫై నలభై ఏళ్ళుగా వాడుతున్న ట్యాంకులో అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. బయోడీజిల్ పాలు బాగా ఎక్కువైన నూనె పోయగానే ఆ మడ్డి కదిలి, గొట్టం గుండా వచ్చి ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. బాయిలరు ఆగిపోతుంది. అదీ జనవరి రాత్రి, బయట మంచు కురుస్తుండగా! అప్పుడు అందరూ బయోడీజిల్‌ని తిట్టుకుంటారు. నిజానికి అది పాత పాపాన్ని కడుగుతోంది. నూటికి ఐదు పాళ్ళతో ఈ గొడవ ఉండదనే చెప్పొచ్చు. ఇరవైకి వెళ్ళేటప్పుడు మాత్రం చలి రాకముందే ఫిల్టరూ నాజిలూ మార్పించి, సీజను మధ్యలో ఇంకోసారి ఫిల్టర్ చూడమని టెక్నీషియన్‌కి చెప్పండి. ఆయన వచ్చినప్పుడు ట్యాంకు అడుగున నీళ్ళున్నాయేమో కూడా చూడమనండి. మామూలు నూనెకన్నా బయోడీజిల్ తేమను ఎక్కువ పీలుస్తుంది. నీళ్ళు చేరితే ట్యాంకు లోపల్నుంచి తుప్పు పడుతుంది, అడుగున సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడతాయి. వేసవిలో ట్యాంకు ఖాళీగా వదిలేయకుండా నింపి ఉంచమని పెద్దలు చెప్పేది ఇందుకే. ఖాళీ తక్కువైతే లోపల చెమ్మ పట్టడమూ తగ్గుతుంది. అలాగని ఆ నూనెను ఏళ్ళ తరబడి నిలవ పెట్టకండి. గాలి తగిలి పాడయ్యే గుణం బయోడీజిల్‌కి ఎక్కువ.

రెండోది చలి. సోయా బయోడీజిల్ ఒట్టిదైతే సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరే మసకబారడం మొదలుపెడుతుంది. కొవ్వుతో చేసినదైతే ఇంకా ముందే. చలికాలం సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టే ఇదీ పేరుకుంటుంది. ట్యాంకు బేస్‌మెంట్‌లో వెచ్చగా ఉన్నవాళ్ళు దీని గురించి దిగులు పడక్కర్లేదు. ట్యాంకు ఇంటి బయట ఉన్నవాళ్ళే జాగ్రత్తగా ఉండాలి. మామూలు హీటింగ్ ఆయిలే ఆ చలికి చిక్కబడుతుంది, బయోడీజిల్ పాలు పెరిగేకొద్దీ ఆ బెడద ముందే వస్తుంది. ట్యాంకు బయట ఉందన్న మాట ఆయిల్ కంపెనీకి స్పష్టంగా చెప్పండి. కిరోసిన్ కలిపి పంపడం వాళ్ళకి తెలిసిన పనే. అడగందే అమ్మైనా పెట్టదు కదా!

వేడి కొంచెం తగ్గుతుందన్నది నిజం. ఒట్టి బయోడీజిల్‌లో గ్యాలనుకి సుమారు ఎనిమిది శాతం తక్కువ శక్తి ఉంటుంది. బి20లో ఆ తేడా ఒకటి రెండు శాతమే. బిల్లులో దాన్ని వెతికి పట్టుకోలేరు, ఆ ఏడు చలి ఎంతుందన్న దాన్నిబట్టే బిల్లు మారుతుంది. పిల్లల సంగతంటారా, ఊపిరికి పడని పొగనిచ్చే గంధకం బయోడీజిల్‌లో దాదాపు లేనట్టే. మామూలు హీటింగ్ ఆయిల్‌లో కూడా ఇప్పుడు గంధకం బాగా తగ్గించారు. అయినా ఏ నూనె కాల్చినా కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఉండనే ఉంటుంది. పడకగదుల దగ్గర ఒక డిటెక్టర్, బేస్‌మెంట్‌లో ఒకటి పెట్టించుకోండి. ఈ మాట మాత్రం నేను బతిమాలి చెబుతున్నాను.

ఇరవై పాళ్ళు దాటి వెళ్ళాలనుకునేవాళ్ళు మీ అంతట మీరు నిర్ణయం తీసుకోకండి. పాత పంపుల్లోని కొన్ని రకాల రబ్బరు సీళ్ళు ఎక్కువ బయోడీజిల్‌కి ఉబ్బి, మెత్తబడి కారతాయి. మంటను కనిపెట్టే సెన్సరుకి కూడా ఆ మంట తేడాగా అనిపించవచ్చు. బర్నర్ తయారుచేసినవాళ్ళు ఎంతవరకు ఒప్పుకుంటారో కనుక్కున్నాకే ముందుకెళ్ళండి.

ఇంకో ముఖ్యమైన మాట. పండక్కి గారెలు, అరిసెలు, జంతికలు వండాక మిగిలిన నూనె చూస్తే ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది: ‘ఇదే కదా బయోడీజిల్, వడకట్టి ట్యాంకులో పోస్తే పోలా?’ వద్దు. వంట నూనె డీజిల్‌కన్నా ఎన్నో రెట్లు చిక్కన. సన్నటి నాజిల్ గుండా పొగమంచులా చిమ్మాల్సిన చోట అది చిమ్మదు, గడ్డకట్టి బర్నర్‌ని పాడుచేస్తుంది. పోనీ వీడియోలు చూసి ఇంట్లోనే బయోడీజిల్ చేద్దామంటే అది ఇంకా ప్రమాదం. మిథనాల్ విషం, దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనిపించదు. కలిపే కాస్టిక్ సోడా చర్మాన్ని కాల్చేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో చేసే పని కాదది. ఆ నూనెను సింకులో పోయకుండా సీసాలో పట్టి ఉంచండి. కొన్ని ఊళ్ళలో చెత్త సేకరణ కేంద్రాల్లో తీసుకుంటారు. అలా సేకరించిన నూనే ఫ్యాక్టరీకి వెళ్ళి బయోడీజిల్ అవుతుంది.

మన దగ్గర ఇళ్ళు వెచ్చబెట్టుకునే అవసరం లేదు గానీ, నూనెగింజల్లోని ఇంధనం మనకి కొత్త కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళల సంఘం కానుగ గింజల నుంచి నూనె తీసింది. దానివల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి బదులుగా 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ళకి 645 డాలర్లు చెల్లించింది. పెద్ద మొత్తం కాదు. కానీ అడవి పక్క పల్లెలోని ఆడవాళ్ళు వాతావరణానికి చేసిన మేలుకి ధర కట్టించుకున్నారు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఆ గర్వంతోనే, మీ ట్యాంకులోని బయోడీజిల్ వాతావరణానికి ఎంత మేలు చేస్తుందో ఆ లెక్క కూడా సూటిగా చెప్పాలి. అమెరికా చట్టం లెక్కించే జీవ డీజిల్ కోవలోకి రావాలంటే బయోడీజిల్ పుట్టుక నుంచి కాలేదాకా లెక్కేస్తే వాతావరణానికి చేసే హాని డీజిల్‌కన్నా కనీసం సగం తగ్గాలి. బి20లో అది ఇరవై పాళ్ళే గనక, ఆ కనీస లెక్కన మొత్తమ్మీద పదో వంతు తగ్గినట్టు. వాడేసిన వంట నూనెతో చేసినదైతే ఇంకాస్త మేలు. పదో వంతు తక్కువేం కాదు, కానీ అక్కడితో ఆగిపోవడానికి సరిపోదు. అటకమీద ఇన్సులేషన్ వేయించి, కిటికీల సందులు మూయిస్తే కాల్చాల్సిన నూనే తగ్గుతుంది. బాయిలరు ముసలిదైపోయి ఎలాగూ మార్చాల్సి వచ్చిన రోజున హీట్ పంపు ధర కూడా అడగండి. అప్పటిదాకా ఉన్న బాయిలరుతోనే, ఏ గోడా పగలగొట్టకుండా ఇవాళే మొదలుపెట్టగలిగిన మంచి పనుల్లో బి20 ఒకటి.

అందుకే అక్టోబరులో మొదటి ట్రక్కు రాకముందే మీ ఆయిల్ కంపెనీకి ఫోన్ చేయండి. ఇప్పుడు పంపేది ఎన్ని పాళ్ళ మిశ్రమమో, అది డి396 ప్రమాణానికి సరిపోతుందో లేదో, బి20 దొరుకుతుందో లేదో, ఫిల్టర్ మార్చడానికి టెక్నీషియన్ ఎప్పుడొస్తాడో అడగండి. ఆ జవాబులు ఒక కాగితం మీద రాసి బాయిలరు పక్కనే అతికించి పెట్టుకోండి.