చదువుకొను బిడ్డకు ఏ సాంకేతిక కళాశాల?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామములలో ప్రతి వేసవియందును పదవ తరగతి ఫలితములు వెలువడగనే పంచాయతీ సభ్యుల ఇంటి అరుగు మీదికి ఒక ప్రశ్న వచ్చును. "మా పిల్లవానికి మంచి మార్కులు వచ్చినవి. ఇంజనీరు కావలెననుచున్నాడు. ఎక్కడ చేర్పింపవలెను?" అడుగువారు పత్తి, మిరప పండించుకొను రైతులు, కూలీలు, చిన్న వర్తకులు. సభ్యుడు చెప్పిన మాటను నమ్మి అర ఎకరము అమ్ముకొనువారును కలరు. కావున ఈ విషయమును కొంత తెలిసికొనియే సలహా చెప్పుట మంచిదని మేము తలంచుచున్నాము.

పనితనము ఈ సీమకు కొత్తది కాదు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపము వద్ద లభించిన శాసనమున, ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్య సంవత్సరములో సిద్ధార్థుడను శిల్పి ఐదు ఆయక స్తంభములను నిలిపినట్లు కలదు. ఆయనయు, ఆయన తండ్రియు శిల్పులే. ఆనాడు విద్య తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వచ్చెడిది. నేడు ప్రవేశ పరీక్షలను, కౌన్సెలింగును దాటి రావలసియున్నది.

పదవ తరగతి తరువాత మొదటి దారి పాలిటెక్నిక్. పాలీసెట్ పరీక్షలో 120 ప్రశ్నలుండును. గణితమునకు 50, భౌతికశాస్త్రమునకు 40, రసాయనశాస్త్రమునకు 30. పాలిటెక్నిక్ అనగా తక్కువ మార్కుల వారి చదువు అను అభిప్రాయము మన పల్లెలలో బలముగా నున్నది. అది సరియైనది కాదు. డిప్లొమా సాధారణముగా మూడేండ్లు. ఆ పిమ్మట ఈసెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరములో చేరవచ్చును. అనగా మూడు, మూడు, మొత్తము ఆరేండ్లు. ఇంటర్మీడియట్ రెండేండ్లు, బి.టెక్. నాలుగేండ్లు కలిపినను ఆరేండ్లే. తేడా యెక్కడనగా, ఇంటిలో ఏదేని కష్టము వచ్చి చదువు నడుమ ఆగినచో, మూడేండ్లు ముగించిన డిప్లొమా విద్యార్థి చేతిలో ఉద్యోగార్హత నిచ్చు పత్రము ఉండును, బి.టెక్. మొదటి యేట మానినవాని చేతిలో ఇంటర్మీడియట్ పత్రము మాత్రమే మిగులును. అయితే ఈసెట్ ద్వారా లభించు సీట్లు పరిమితమని కూడ తల్లిదండ్రులకు చెప్పవలెను.

రెండవ దారి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము. 2008లో ఏర్పడిన ఈ సంస్థకు మనకు చేరువలో నూజివీడు ప్రాంగణము కలదు. ఇందు ప్రవేశ పరీక్ష లేదు; పదవ తరగతి మార్కులే ఆధారము. వసతి గృహమందుండి ఆరేండ్లు చదివినచో బి.టెక్. పట్టా లభించును. ఇండ్ల నుండి వచ్చి జిల్లా పరిషత్తు పాఠశాలలలో చదివినవారికి అదనపు మార్కులు కలుపు నియమమున్నది. ఈ సంగతి తెలియక దరఖాస్తే చేయని బిడ్డలుందురు. గ్రామములోని ప్రధానోపాధ్యాయుని ముందుగా కలిసికొని, అర్హులైన వారి పట్టీ తయారుచేయించుట సభ్యులకు కష్టమైన పని కాదు.

మూడవది ఇంటర్మీడియట్ ఎం.పి.సి. గణితమున మిక్కిలి చురుకైన విద్యార్థి, ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.లపై దృష్టి గలవాడు, ఈ మార్గమున పోవుటయే మేలు. ఇచట మన సరిహద్దు గ్రామముల వారు గమనింపవలసినది యొకటి కలదు. ఎన్.ఐ.టి.లలో సగము సీట్లు ఆ రాష్ట్రపు విద్యార్థులకే కేటాయింపబడును. ఏ రాష్ట్రమునుండి ఇంటర్ ఉత్తీర్ణుడైనచో అదియే ఆ విద్యార్థి సొంత రాష్ట్రముగా లెక్కింపబడును. జగ్గయ్యపేట నుండి సరిహద్దు దాటిన కోదాడ దగ్గర. హైదరాబాదు కళాశాలల పేరు పెద్దది. 2014 తరువాత అవి వేరొక రాష్ట్రములోనివి. అచట చదివినవారు తాడేపల్లిగూడెము ఎన్.ఐ.టి.లో ఆంధ్రప్రదేశ్ వాటా సీటును కోరజాలరు. వరంగల్లులో తెలంగాణ వాటాకు అర్హులగుదురు. ఏది మేలో పిల్లవానిని పంపుటకు ముందే యోచింపవలెను, పంపిన తరువాత కాదు.

కళాశాలను ఎంచునపుడు భవనములను, బస్సులను, రహదారి ప్రక్కనుండు పెద్ద పెద్ద బోర్డులను చూచి మోసపోరాదు. నాక్ గుర్తింపు కళాశాల మొత్తమునకు చెందినది, ఎన్.బి.ఎ. గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి వేరు వేరుగా, కొంత కాలమునకు మాత్రమే ఈయబడును. "మాకు గుర్తింపు ఉన్నది" అని చెప్పినపుడు "ఏ బ్రాంచికి, ఏ సంవత్సరము వరకు?" అని అడుగవలెను. అదే కళాశాలలో రెండవ, మూడవ సంవత్సరము చదువుచున్న మన ప్రాంతపు పిల్లలను కలిసికొని, ప్రయోగశాలలో పని తమ చేతులతో చేయుచున్నారో, రికార్డు మాత్రము వ్రాయుచున్నారో కనుగొన్నచో సగము నిజము బయటపడును. అందరును కంప్యూటర్ కోర్సునే కోరుచున్నారు. మాకు అది అంతగా నచ్చలేదు. జయంతీపురము, ముక్త్యాలలలో సిమెంటు కర్మాగారములు, ఇబ్రహీంపట్నములో తాప విద్యుత్కేంద్రము ఉన్న ఈ సీమలో ఎలక్ట్రికల్, మెకానికల్ చదువులను చిన్నచూపు చూచుట తగదు.

డబ్బు విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో కన్వీనరు సీట్లు వేరు, యాజమాన్యపు సీట్లు వేరు. అర్హులకు ప్రభుత్వము చెల్లించు బోధనా రుసుము యాజమాన్యపు సీటుకు వర్తింపదు. దళారి ఈ మాట చెప్పడు. ఆడపిల్లలకు ఏఐసీటీఈ వారి ప్రగతి విద్యార్థివేతనము సంవత్సరమునకు 50,000 రూపాయలు కలదు. ఎంపికైనచో ఒక కుటుంబమున ఇద్దరు బాలికలకు వర్తించును, డిప్లొమాకును కలదు. కూతురి చదువును పదవ తరగతితో ముగింపదలచిన తండ్రికి ఇది చెప్పి చూడవలెను.

ఇక వెబ్ ఆప్షన్లు. ఎక్కువ నష్టము జరుగునది ఇచటనే. కంప్యూటరు జాబితాను పై నుండి క్రిందికి చూచి, ర్యాంకునకు దొరకిన మొదటి సీటును ఇచ్చును. కావున "ఇది మనకు రాదు" అని మంచి కళాశాలను క్రిందికి దించుటలో లాభము లేదు. కోరిక వరుసలోనే వ్రాయవలెను, వీలైనన్ని వ్రాయవలెను. ఇష్టము లేని దానిని అసలు వ్రాయరాదు. ఇంటర్నెట్టు కేంద్రములో ఎవరికో పాస్‌వర్డు అప్పగించి ఇంటికి వచ్చుట ప్రమాదము. జాబితాను ముందు కాగితము మీద వ్రాసికొని, విద్యార్థి తానే కూర్చుండి నింపి, ముద్రించిన ప్రతిని దాచుకొనవలెను.

కుల, ఆదాయ ధ్రువపత్రములను, చదువు ధ్రువపత్రములను ఫలితముల కొరకు వేచియుండక ముందుగనే సిద్ధము చేసికొనవలెను. కళాశాలలు అసలు పత్రములను తమ వద్ద నిలుపుకొనరాదని ఏఐసీటీఈ నిబంధన. పరిశీలన ముగిసిన వెంటనే వానిని తిరిగి తీసికొనవలెను. సీటు వచ్చిన పిమ్మట గడువులోగా కళాశాలకు పోయి హాజరు కానిచో ఆ సీటు రద్దగును.