బిడ్డల విద్య ఎవరి బాధ్యత?

బిడ్డ చదువులో వెనుకబడినప్పుడు తలిదండ్రులు, "పాఠశాలలో సరిగా చెప్పుటలేదు" అందురు. ఉపాధ్యాయుడు, "ఇంటియొద్ద చూచువారు లేరు" అనును. ఊరి పెద్దలు, "అది ప్రభుత్వము చూచుకొనవలసిన పని" అని ఊరకుందురు. ముగ్గురి మాటలలోను కొంత నిజమున్నది. అయితే వీరు భారమును ఒకరిమీద ఒకరు మోపుకొనుచుండగా బిడ్డ వయస్సు ఆగదు. ఎనిమిదవ యేట బడి మానిన బిడ్డ పండ్రెండవ యేట పత్తిచేనిలోనో, పశువుల వెంబడియో కనబడును. గనుక ఈ భారములో ఎవరి పాలు ఎంతయో విచారించుట అవసరము.

1. తిమోతిని తీర్చినవారు

తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. తల్లి విశ్వాసురాలైన యూదురాలు. రెండవ తిమోతి పత్రికలో అతని అవ్వయైన లోయి, తల్లియైన యునీకే పేర్లు కనబడుచున్నవి. బాల్యమునుండియే అతడు లేఖనముల నెరిగియుండెనని ఆ పత్రికయే తెలుపుచున్నది. ఇది ఇంటి పాలు. పిమ్మట పౌలు అతనిని వెంటబెట్టుకొని, బోధించి, పనిలో తర్ఫీదు చేసెను. ఇది గురువు పాలు. అంతకు ముందే లుస్త్ర, ఈకొనియ పట్టణముల సహోదరులు అతనినిగూర్చి మంచి సాక్ష్యమిచ్చిరని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చెప్పుచున్నది. అనగా పెరుగుచున్న ఆ యువకుని గమనించి, వాని మంచిని గుర్తించిన సంఘమొకటి అక్కడ నుండెను. ఈ మూడింటిలో ఒకటి మరియొకదానికి బదులు కాలేదు.

2. చట్టము పంచిన బాధ్యత

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, పదునాలుగు సంవత్సరములు నిండువరకు బిడ్డలందరికి ఉచిత నిర్బంధ విద్యను పది సంవత్సరములలో నందింప ప్రయత్నింపవలెనని 45వ అధికరణములో నిర్దేశించెను. ఆ గడువు దాటిపోయెను గాని పని ముగియలేదు. 1993లో ఉన్నికృష్ణన్‌కు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రమునకు నడిచిన వ్యాజ్యెములో, ఆ వయస్సువరకు విద్య బిడ్డల హక్కేయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2002లో 86వ సవరణ, ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకు విద్యను ప్రాథమిక హక్కుగా జేసెను. ఆ సవరణయే, తమ బిడ్డలకు విద్యావకాశము కల్పించుట తలిదండ్రుల విధియని కూడ చేర్చెను. హక్కును విధియు ఒక్కసారే వచ్చినవి.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఈ పంపకమును మరింత స్పష్టపరచెను. బిడ్డను బడిలో చేర్చుట తలిదండ్రుల పని. వేళకు వచ్చుట, పాఠ్యాంశములను పూర్తి చేయుట, బిడ్డ హాజరును ప్రగతిని తలిదండ్రులతో క్రమముగా మాటలాడుట ఉపాధ్యాయుని పని. కొట్టుటయు, మనస్సు నొప్పించి వేధించుటయు నిషేధము. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులు లేక సంరక్షకులును, సగము మంది స్త్రీలును ఉండవలెను. చదువురాని తల్లికి సహితము ఆ కమిటీలో కూర్చుండి ప్రశ్నించు హక్కున్నది.

3. రంగారెడ్డి జిల్లా చూపిన మార్గము

నేటి తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 మొదలుకొని పనిలోనున్న బిడ్డలను బడికి చేర్చుటకు పూనుకొనెను. పేదలు తమ బిడ్డలను చదివింపగోరరను మాటను ఆ సంస్థ అంగీకరింపలేదు. బడికి పోని ప్రతి బిడ్డయు పనిపిల్లయేయని అది ఎంచెను. వయస్సు మించిన బిడ్డలను శిబిరములలో నుంచి, కొన్ని నెలలు చదువు చెప్పి, వారి వయస్సుకు తగిన తరగతిలో చేర్చిరి. ఊరి యువకులు ఇల్లిల్లు తిరిగిరి, ప్రభుత్వోపాధ్యాయులు చేయి కలిపిరి, పంచాయతీలు పట్టించుకొనెను. ఈ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించెను. తలిదండ్రుల కోరిక ఒక్కటే చాలలేదు. ఊరంతయు ఆ కోరికకు తోడైనప్పుడే బిడ్డలు బడిలో నిలిచిరి.

4. మన పాలు

తల్లికి అక్షరములు రాకపోయినను సాయంకాలము ఒక గంట ఇంటి పనినుండి బిడ్డను విడిచిపెట్టగలదు. నేడేమి నేర్చితివని అడుగగలదు. కుమారునికిచ్చిన ఆ గంటను కుమార్తెకును ఇయ్యవలెను. ఉపాధ్యాయుడు, వరుసగా మూడు దినములు రాని బిడ్డ ఇంటి గడప త్రొక్కినయెడల, ఆ బిడ్డ శాశ్వతముగా బడి మానకుండ కాపాడగలడు. ఇక సంఘము ఆదివారమునాడు తెరచు తన మందిరమును మిగిలిన సాయంకాలములలో చదువుకొను బిడ్డలకు తెరువవచ్చును. వెలుతురు, చోటు, సందేహము తీర్చు యువకుడొకడు ఉన్న చాలును. అన్నింటికంటె ముందు, మన ఇండ్లలోను పొలములలోను ఏ బిడ్డచేతను పని చేయించుకొనరాదు. ఇతరుల బిడ్డ చెమటతో మన బిడ్డ చదువు సాగుట న్యాయము కాదు.

ఆలోచించుటకు

మన వీధిలో ఈ సంవత్సరము బడి మానిన బిడ్డలెవరు? వారి పేర్లు మనకు తెలియునా?

మన ఊరి పాఠశాల కమిటీ చివరిసారి ఎప్పుడు కూడెను? అందులో తల్లులు మాటలాడిరా?

ఈ వారములో ఒక బిడ్డకొరకు మన కుటుంబము చేయగల పని యేది?