బాలశిక్షలో సంగీతము

వీణావాదన తత్త్వము నెరిగినవాడును, శ్రుతిజాతులయందు నేర్పరియు, తాళజ్ఞుడును ప్రయాస లేకయే మోక్షమార్గమును పొందునని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఈ మాటను సంగీతసభలయందు తరచుగా వినుచుందుము. అచ్చట ప్రయాస లేదనుట ఫలమును గూర్చిన మాట. నేర్చుటలో ప్రయాస ఎవరికిని తప్పదు. ఆ ప్రయాసను ఏ వయస్సున, ఏ విధముగ ఆరంభింపజేయవలెనను విషయమును పాఠకమహాశయులతో కలిసి విచారింపదలచితిని.

పూర్వము మన వీధిబడులలో సంగీతమను పేర వేరొక పాఠము లేదు. అయినను చదువంతయు పాటగనే సాగెడిది. ఎక్కములను ఒక వరుసలో వల్లించెడివారు. సుమతీశతకమునకు ఒక ధాటి, దాశరథీశతకమునకు మరొక ధాటి ఉండెడివి. అమరకోశములోని నాట్యవర్గము సప్తస్వరముల పేళ్ళతోనే మొదలగును. ఆ పేళ్ళు కంఠస్థమైన ఎన్నియో యేండ్లకు గాని షడ్జమన నేమో నాకు బోధపడలేదు. పేరు ముందు వచ్చి, వస్తువు తరువాత వచ్చుట మా పాఠశాలల పద్ధతి. సంగీతమున మాత్రము దీనిని తలక్రిందులు చేయవలెనని నా అభిప్రాయము.

దసరా పండుగకు బడిపిల్లలు గిలకలు, విల్లంబులు చేతబట్టి, అయ్యవారి వెంట ఇంటింటికి పోయి పాడుట పెద్దలెందరికో జ్ఞాపకముండును. అయ్యవారికి దక్షిణయు, పిల్లలకు పప్పుబెల్లములును లభించెడివి. నలుగురి యెదుట గొంతెత్తుట, అందరితో కలిసి ఒక కాలమున నడచుట అను రెండు విద్యలు ఆ పదిదినములలో బిడ్డలకు అలవడెడివి. బడిలోని ప్రతి బాలుడును పాడెడివాడు. గొంతు బాగుగా నున్నవారిని ఏరి, తక్కినవారిని కూర్చుండబెట్టు ఆచారము అప్పుడు లేదు.

మన కృష్ణామండలముననే ఒక దృష్టాంతము కలదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922వ సంవత్సరమున గుడివాడ సమీపమందలి చౌటపల్లిలో జన్మించిరి. ఆయన తండ్రిగారు నారాయణతీర్థుల తరంగములను పాడుచు మృదంగము వాయించెడివారు. ఆ తరంగములకు అడుగులు వేయు పసివానిని జనులు బాలభరతుడని పిలిచిరట. తరువాత ఆ బాలుడు విజయనగరమునకు పోయి, మధుకరవృత్తితో కడుపు నింపుకొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద శిక్ష పొందెను. విజయనగర సంగీత కళాశాల 1919లో స్థాపింపబడినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. అట్టి కళాశాలలు సంగీతమునే వృత్తిగా కోరినవారికి ద్వారములు తెరచినవి. కాని ఆ ద్వారముదాక నడువవలెనను కోరిక చౌటపల్లిలో తండ్రి తాళము వలన కలిగినది. తండ్రికి తరంగములు రాని యింటి బిడ్డకు ఆ కోరికను ఎవరు కలిగింపవలెను? బడి తప్ప వేరు గతి లేదు.

వైష్ణవగృహములవారు ఈ విషయమున ప్రత్యేకముగ ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములను ఆ వంశమువారు రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచిరి. సాహిత్యము శతాబ్దములు దాటి మనకు దక్కినది. ప్రతి పాటకును పైన రాగము పేరున్నది. పాడు వరుస లేదు. పెదకళ్ళేపల్లివారైన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలైన పండితులు పాఠమును పరిష్కరించిన పిదప, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలైనవారు వానికి క్రొత్తగా స్వరములు కూర్పవలసి వచ్చెను. రాగిరేకు మాటను కాపాడినది, వరుసను కాపాడలేకపోయినది. వరుస నిలుచుటకు ఒక తరము కంఠమునుండి మరొక తరము కంఠమునకు దారి ఉండవలెను. ఆ దారి యొకచోట తెగినందున, అన్నమయ్య స్వయముగ ఎట్లు పాడెనో నేడు చెప్పగలవారు లేరు.

ఇక నేటి స్థితి. 2005వ సంవత్సరపు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము సంగీతము మొదలగు కళలను పదవ తరగతి వరకు తప్పనిసరి చేయవలెనని సూచించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టమో, నూరుమందికి మించిన బాలలున్నచోట ఆరు మొదలు ఎనిమిది తరగతులకు మాత్రమే కళాబోధనకు పాక్షికకాల బోధకుని నిర్దేశించినది. ఒకటి మొదలు అయిదు తరగతులకు ఆ మాత్రము నిర్దేశము లేదు. కంఠము మిక్కిలి మెత్తగా, చెవి మిక్కిలి చురుకుగా నుండు వయస్సు అదియే గదా! హంగరీ దేశమున కోదాయ్ అను విద్వాంసుని ప్రేరణతో కెచ్‌కెమేట్ పట్టణమందు 1950లో నిత్యము గానము నేర్పు ప్రాథమిక పాఠశాల వెలసినది. అచ్చట ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క హస్తసంకేతమును ఉపయోగింతురు. ఇది మనకు వింత కాదు. బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ళను స్పృశించుచు సామస్వరములను గుర్తించు విధానమును నారదీయశిక్ష చెప్పినది. దానికి గాత్రవీణయని పేరు. నూజివీడు వీణ మన కెంతో దూరము కాదు గాని, పల్లెటూరి ప్రాథమిక పాఠశాలకు వీణ కొనువా రెవరు? గాత్రవీణకు వెల లేదు.

ఇచ్చట నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. మా మెట్టప్రాంతమందలి యొక పాఠశాలలో సంస్కృతము చెప్పుచుండగా, వార్షికోత్సవమునకు ప్రార్థనాగీతమును నేర్పు పని నాపై బడినది. శ్రుతిపెట్టెను నా కంఠమునకు తగినట్లు ఒకటవ శ్రుతికి పెట్టితిని. ఆరవ తరగతి బాలుడొకడు అపస్వరము పలుకుచుండెను. "నువ్వు పెదవులు కదిపితే చాలు నాయనా" అంటిని. ఉత్సవము చక్కగా జరిగినది. ఆ మాటను నేను మరచితిని.

నేను ఉద్యోగవిరమణ చేసిన తరువాత, శనివారములందు గుడి మండపమున జి.కొండూరు పరిసరముల పిల్లలకు తిరుప్పావై చెప్పుచుండగా, ఆ బాలుడే తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. "పంతులుగారూ, మా అమ్మాయికి గొంతు ఉన్నదో లేదో చూసి చెప్పండి. లేకపోతే ఇప్పుడే మాన్పించేస్తాను" అనెను. "నువ్వు పాడవా?" అని అడిగితిని. "మీరు పెదవులు కదిపితే చాలన్నారు గదండీ" అని నవ్వెను. ఆ నవ్వునకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

పురుషుని ఒకటవ శ్రుతి బాలకంఠమునకు అందదు. బిడ్డ దానిని అందుకొనబోయి గొణుగును. లేదా పైస్థాయి కెగసి, తారస్వరములు వచ్చునప్పటికి అరచును. మనము దానిని అపస్వరమందుము. అయిదు, అయిదున్నర శ్రుతికి పెట్టిన, పెక్కుమంది బిడ్డలు సుఖముగ పలుకుదురు. కావున బోధకుడు మొదట తన గొంతును మాని, పిల్లల గొంతును వెదకవలెను. ఆ మీదట తాళము. ఆదితాళమున ఒక లఘువు, రెండు ద్రుతములు: ఒక దెబ్బ, చిటికెనవ్రేలు మొదలు మూడు వ్రేళ్ళు, పిమ్మట దెబ్బయు విసురును రెండు పర్యాయములు. మొత్తము ఎనిమిది. దీనిని ఎక్కముగ చెప్పిన ఒకటవ తరగతివారును వారము దినములలో పట్టుకొందురు. స్వరముల పేళ్ళు చెప్పక, రెండేండ్లు పాటలే పాడించవలెను. వేదపఠనము మూడు స్వరములతో నడచుచున్నది; బిడ్డలకును మొదట మూడు స్వరముల వరుస చాలును.

పురందరదాసులు ఏర్పరచినట్లు చెప్పెడి మాయామాళవగౌళ సరళీవరుసలను మూడవ తరగతికి నిలుపుట మంచిది. ఆ రాగమున సరిగమల నడుమ నున్న దూరములే పదనిసల నడుమను ఉన్నవి. సగము వచ్చిన, తక్కిన సగము దానంతట వచ్చును. అయినను షడ్జమునకు అంటియున్న శుద్ధరిషభమును ఆరేండ్ల బిడ్డ పట్టుట కష్టము. తొందరపడి పెట్టినచో బిడ్డ భయపడును.

ఆ బాలికకు శ్రుతిపెట్టెను అయిదున్నరకు మార్చితిని. మొదట షడ్జము నిలువలేదు. మూడవ శనివారమునకు నిలిచినది. ఆ దినమున తండ్రి స్తంభము ప్రక్క నిలుచుండి వినుచుండెను. పిల్లలను పంపివైచి, అతనిని పిలిచి కూర్చుండబెట్టి, పెట్టెను మరల ఒకటవ శ్రుతికి దించితిని. ఇప్పుడు అది అతని కంఠమునకు సరిపోయినది.