301 పెట్టాలా, 302 పెట్టాలా?

ప్రశ్న: మా వంటల వెబ్‌సైట్‌ను ఈమధ్యే సర్ది, పేజీల చిరునామాలు మార్చాం. పాత లింకు నొక్కినవాళ్లకు 404 వస్తోంది. దారి మళ్లించడానికి 301 వాడాలా, 302 వాడాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చిరునామా శాశ్వతంగా మారితే 301, కొన్నాళ్లకే అయితే 302. మీకు కావలసింది 301. అయితే దాంతో ఓ చిక్కుంది. బ్రౌజర్లు దాన్ని గుర్తుపెట్టేసుకుంటాయి. రూల్ తప్పుగా రాసి, తర్వాత దిద్దుకున్నా, అప్పటికే వచ్చివెళ్లినవాళ్లు ఆ తప్పుదారినే పోతుంటారు. అందుకని ముందు 302తో పరీక్షించి, అంతా కుదిరాకే 301కి మార్చండి. పాత పేజీలన్నిటినీ గంపగుత్తగా హోం పేజీకి తోలేయకండి. గోంగూర పచ్చడి కోసం వచ్చినవారిని ఆ పేజీకే పంపాలి. పూర్తిగా తీసేసిన పేజీకి 410 ఇవ్వండి. ‘ఇక లేదు’ అని దానర్థం.

ప్రశ్న: మా పేజీల చిరునామాలు తెలుగు లిపిలో ఉంటాయి. అపాచీలో రాసిన రీరైట్ రూల్స్‌లో కొన్ని అసలు పనిచేయడం లేదు. పనిచేసినవి ‘%25’లు నిండిన ఏదో చిరునామాకు పోతున్నాయి.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: యూటీఎఫ్-8లో ‘క’కు మూడు బైట్లు. బ్రౌజర్ దాన్ని పర్సెంట్ గుర్తులతో కలిపి తొమ్మిది క్యారెక్టర్లుగా పంపుతుంది. ‘కో’ అయితే పద్దెనిమిది. అపాచీ వీటిని మళ్లీ తెలుగు అక్షరాలుగా విప్పుకున్నాకే మీ రూల్‌తో పోల్చుతుంది. కాబట్టి పోల్చే భాగంలో తెలుగులోనే రాసి, ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో అయితే మొదటి స్లాష్ రాయకూడదు. ఇక గమ్యం దగ్గర మీరు పర్సెంట్ రూపం రాసి ఉంటారు. అపాచీ ఆ గుర్తును మళ్లీ %25గా మారుస్తోంది. రూల్ చివర ‘ఎన్ఈ’ ఫ్లాగ్ పెట్టి, ప్రతి పర్సెంట్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ రాయండి, అపాచీ వాటి జోలికి పోదు.

ప్రశ్న: మా సర్వర్‌కు ముందు సీడీఎన్ పెట్టుకున్నాం. అందరినీ హెచ్‌టీటీపీఎస్‌కు పంపే రూల్ రాయగానే సైట్ తిరిగిందే తిరుగుతోంది, తెరుచుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సందర్శకుడు సీడీఎన్ దాకా హెచ్‌టీటీపీఎస్‌లోనే వస్తున్నాడు. అక్కడి నుంచి మీ సర్వర్‌కు మామూలు హెచ్‌టీటీపీలో కబురు వెళ్తోంది. సర్వర్ ప్రతిసారీ ‘హెచ్‌టీటీపీఎస్‌లో రా’ అంటూ వెనక్కి పంపుతోంది. సర్వర్‌లోనూ సర్టిఫికెట్ పెట్టి, సీడీఎన్ అక్కడికి కూడా హెచ్‌టీటీపీఎస్‌లోనే వచ్చేలా సెట్ చేయండి. అదే సరైన మందు.

ప్రశ్న: కొత్త హోస్టింగ్‌లో ఎంజిన్‌ఎక్స్ ఉంది. పాత డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్ పనిచేయదా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: చేయదు. ఎంజిన్‌ఎక్స్ దాన్ని చదవదు. రూల్స్ దాని కాన్ఫిగరేషన్‌లో మళ్లీ రాయాల్సిందే. ఆ పాత ఫైల్‌ను తీసేయండి, లేకపోతే అడిగినవాళ్లకు మామూలు ఫైల్‌లా ఇచ్చేయవచ్చు. ఎంజిన్‌ఎక్స్‌లో రీలోడ్‌కు ముందు తప్పులు చూసుకునే పరీక్ష ఉంది, వాడుకోండి. అపాచీలోనూ అలాంటి కాన్ఫిగ్ పరీక్ష ఉంది కానీ, అది డాట్ హెచ్‌టీయాక్సెస్‌ను చూడదు. ఆ ఫైల్‌లో ఒక్క పదం తప్పినా సైట్ అంతా 500 చూపిస్తుంది. ఏ సర్వరైనా సరే, రూల్ ముట్టుకునే ముందు పాత ఫైల్ నకలు తీసి పెట్టుకోండి.