ఉపవాస దినపు బియ్యము

ధ్యాన వాక్యములు: యెషయా 58:1-7, మత్తయి 6:1-18



2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు మనము శ్రమకాల దినములలో ఉంటిమి. మన మంచిర్యాల ప్రాంతమందును మందిరములు మూయబడెను. ఏప్రిల్ 10న మంచి శుక్రవారము రానుండగా మేము సంఘమంతటికిని ఫోనుద్వారా ఒక వర్తమానము పంపితిమి. ఆ దినమున అందరును ఉపవాసముండి, కరోనా తెగులు తొలగునట్లు ప్రార్థింపవలెనని చెప్పితిమి.

ఆ సాయంకాలమే కూలిపని చేసికొను ఒక తల్లి ఫోను చేసి, "అయ్యగారూ, పనులు బందై రెండు వారాలాయె. మేం ఉపాసం ఉండుట్ల కొత్తేముంది?" అనెను. ఆమె ఎగతాళిగా అడుగలేదు. సెమినరీలో ఉపవాసమును గూర్చి నేర్చిన పాఠమొక్కటియు ఆ గడియలో మాకు అక్కరకు రాలేదు.

రాత్రి యెషయా 58వ అధ్యాయము మరల చదివితిమి. ఆ జనులును ఉపవాసముండిరి, తలలు వంచుకొనిరి. దేవుడు లక్ష్యపెట్టలేదని సణిగిరి. అయితే అదే దినమున తమ పనివారిని బాధించుచుండిరి. మనము తినక విడిచిన అన్నము ఎవరి విస్తరిలోనికి పోయెనో ఆ అధ్యాయము అడుగుచున్నట్లుండెను. మేము పంపిన వర్తమానములో ఆ మాటే లేదు.

మన తల్లులు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము దేవునికని వేరుగా ఒక కుండలో వేయుట పాత వాడుక. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి కాలమునుండి మన పెద్దలు దీనిని ఎరుగుదురు. మరునాడు మేము వర్తమానము మార్చితిమి: కలిగినవారు ఉపవాసముండి, ఆ పూట బియ్యము కొలిచి వేరుగా ఉంచవలెను, లేనివారును, చక్కెర వ్యాధిగలవారును భోజనము చేసి ప్రార్థింపవలెను. ప్రభుత్వము రేషను కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యమును, కార్డుకు 1,500 రూపాయలును ప్రకటించియుండెను. అయినను పప్పు, నూనె, సబ్బు, మందులు బియ్యముతో రావు గదా! గనుక వాటినికూడ అడిగితిమి.

ప్రభువు ధర్మమును, ప్రార్థనను, ఉపవాసమును ఒకే వరుసలో బోధించి, మూడును రహస్యముగా చేయుమనెను. ఆ దినములలో ఒక్క సంచికి పదిచేతులు తగిలించి ఫోటో తీయించుకొనుట అంతటను చూచితిమి. మేము ఫోటో వద్దంటిమి. యౌవనస్థులు మాస్కు కట్టుకొని సంచిని గడపయొద్ద పెట్టి, దూరముగా నిలిచి పిలిచి వచ్చిరి. మాస్కు అవిశ్వాసమని కొందరనిరి. లేవీయకాండము 13వ అధ్యాయములో అనుమానముగలవానిని ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచినవాడు యాజకుడే గదా!

శుక్రవారము ఉదయముననే ఆ తల్లి యింటికి సంచి చేరెను. ఆమె మరల ఫోను చేసి, ఎవరిచ్చిరని అడిగెను. మేము చెప్పలేదు.